అన్ని మోటార్లూ ఆపిన రోజు

పుంగనూరులో మా ఇంటి వెనక తోటలో కరెంటు రాగానే మోటారు స్టార్టరు టక్కున పడుతుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. మా ఆయన నవ్వుతాడు. స్టార్టరు చప్పుడుకు దిగులుపడే మనిషిని నన్నొక్కదాన్నే చూశాడట. కావచ్చు, ఆయన చెంగల్రాయప్ప సారును చూడలేదు కదా.

రెండువేల ఐదు ప్రాంతంలో కుప్పంలో నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు సారు మాకు పాఠం చెప్పేవారు. పొట్టి మనిషి. ఎవరినైనా మెచ్చుకోవాలంటే ప్రాణం పోయినట్టుండేది ఆయనకు. ఒకదానితో ఒకటి ముడిపడి కదిలే వాటి లోపలి సంబంధాలను, పైన దొరికే కొలతలతోనే కనిపెట్టడం ఆయన పిచ్చి. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు నన్ను తంబళ్లపల్లె దగ్గర తమ సొంతూరికి తీసుకెళ్లారు. ఆ సెలవుల్లో మదనపల్లెలోని మా ఇంటి నుంచి రోజూ బస్సులో వెళ్లేదాన్ని.

ఆ ఊళ్లో బోర్లు వరసగా ఎండుతున్నాయి. భూమిలోపల ఏ బోరు ఏ బోరు నీటిని లాగుతోందో తేలితే, ముడిపడిన బోర్ల వాళ్లు వంతులేసుకుని తోడుకోవచ్చు, ఊరు ఇంకొన్నేళ్లు నిలుస్తుంది. సారు ఆశ అంతే. బోరులోకి తీగ దించితే నీళ్లు తగలగానే మీటరు ముల్లు కదిలేది. అట్లా అన్ని బోర్లూ కొలిచాం. ఏమీ తేలలేదు. ఎందుకంటే ప్రతి రైతూ తన స్టార్టరుకు ఆటో బిగించుకున్నాడు. కరెంటు రావడం ఆలస్యం, మనిషి లేకపోయినా ఊళ్లోని మోటార్లన్నీ ఒక్కసారే తిరిగేవి, బోర్లన్నీ ఒక్కసారే దిగేవి.

"అందరూ ఒకటేసారి అరిస్తే ఎవురి గొంతు ఏదని చెప్పేదమ్మా?" అన్నారు సారు.

ఒక్కో రోజు ఒక్క మోటారే నడవాలి, మిగతావన్నీ ఆగాలి. ఎండాకాలంలో ఆ మాట అడగడమంటే నోటి దగ్గర ముద్ద ఆపమనడమే. సారు ఇంటింటికీ తిరిగి బతిమాలారు. మెచ్చుకోవడమే రాని మనిషి బతిమాలడం నేనప్పుడే చూశాను. ముందుగా ఒప్పుకున్నది రమణమ్మ. మొగుడు పోయాక మల్బరీ తోట మీద పట్టుపురుగులు మేపుకుంటూ బతికే మనిషి. ఆమె ఆటో తీగ పీకేశాక మిగతావాళ్లూ సిగ్గుపడి పీకేశారు.

వంతులు మొదలుకాకముందు ఒకరోజు అన్నీ ఆపాలి. ఆ రోజు ప్రతి బోరూ నెమ్మదిగా ఊరాలి. కానీ రెండు బోర్లు దిగాయి. ఒకటి రమణమ్మది. మరొకటి గుట్ట వారనున్నది, ఇంకా ఎక్కువగా దిగింది. కొలవడంలో తప్పు జరిగి ఉంటుంది, ఆ రోజు కొలత వదిలేద్దాం సార్ అన్నాను. ఆయన కాగితం మీద గీసిన గీతను మళ్లీ చూసి, ఎక్కువ దిగిన ఆ బోరు మీద వేలు పెట్టారు. అది ఆయన తమ్ముడు నరసింహులుది. లోపల మునిగే మోటారు కాబట్టి బయటికి చప్పుడు రాదు. దొంగచాటుగా అది నడిస్తే అవతల అతని టమోటా తడిసింది, దానితో ముడిపడిన రమణమ్మ బోరూ దిగింది.

మరునాడు బడి వరండాలో ఊరివాళ్లందరి ముందూ సారు ఆ మాట చెప్పేశారు. తన తమ్ముడినే దాచకపోతే ఊరు తనను నమ్ముతుందనుకున్నారు. నరసింహులు తల దించుకున్నాడు.

"కాయ మీదుండే తోట. సూస్తా సూస్తా యెట్లా ఎండబెట్టేదన్నా?" అన్నాడు.

ఎవరూ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. రమణమ్మ మాత్రం, "నీ తమ్ముడే ఆపకపాయ. ఇంక మేం యెవుర్ని నమ్మి ఆపల్ల రాయప్పా?" అని లేచి వెళ్లింది. సాయంత్రానికల్లా అందరూ ఆటోలు తగిలించేశారు. ఆ ఊరి బోర్ల లెక్క అక్కడితో సరి.

కొన్నేళ్లకు ఆ ఊళ్లో నీటిచుక్క లేదు. రమణమ్మ మల్బరీని వేళ్లతో పెరికి పొయ్యిలో పెట్టుకుంది. ఆ తర్వాత మదనపల్లె మార్కెట్లో టమోటాలు ఏరే కూలికి చేరింది. నరసింహులు అన్నతో మళ్లీ మాట్లాడలేదు.

సారు రిటైరయ్యాక కుప్పంలో ఒకసారి కలిశాను. మనిషి సగమయ్యారు. ఆ రోజు చెప్పకుండా ఉంటే ఊరు నిలిచేదేమో సార్ అని అడిగేశాను. ఆయనకు కోపం రాలేదు.

"నిలిచేదేమోమ్మా. దొంగ కొలతతో లెక్క కట్టి వంతులేసింటే రమణమ్మ బోరే ముందు ఎండిండునేమో. యెట్లా తిప్పి సూసినా ఎండేదే కనపడతాండాది నాకు," అన్నారు. ఆ వానాకాలమే పోయారు.

ఇప్పుడు నేనూ పాఠం చెప్తున్నాను. లెక్కకు సరిపోని కొలతను కొట్టేయబోయే పిల్లల చెయ్యి పట్టుకుని ఆపుతాను. ఎందుకు మేడం అని అడుగుతారు. నిజం తెలుస్తుంది అని చెప్తాను. తెలిసి ఏం చేస్తాం అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.