అత్త మట్టి మెత్తిన తలుపు

కొత్తకోడలు అత్తింట్లో పాలు పొంగించాలి. నేను పొగ పొంగించాను. వీధి వీధంతా బిందెలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నవ్వడానికి సర్దుకుని కూర్చోండి. కానీ ముందు తప్పెవరిదో చెప్పనివ్వండి. నాది కాదు, నవలలది!

ఎనిమిదో తరగతితోనే బడికి దండం పెట్టేసిన నేను, మా చేపల జెట్టీ దగ్గరి అద్దె పుస్తకాల బడ్డీకి మాత్రం ఒక్కరోజు నాగా పెట్టలేదు. అక్కడి పాత నవలల అట్టల మీద ఎప్పుడూ ఒకటే బొమ్మ. కొండమీద బంగళా, ఒక్క కిటికీలో వెలుతురు, గాలికి జుట్టు ఎగురుతున్న అమ్మాయి. సినిమాల్లో అమ్మాయిలు బల్లిని చూసి కెవ్వుమని హీరో మెడకు చుట్టుకునే రోజులవి. ఈ నవలల్లో అమ్మాయి అలా కాదండీ! నా అన్నవాళ్లుండరు, చేతిలో లాంతరు తప్ప ఏమీ ఉండదు. ‘ఆ గదికి వెళ్లకు’ అని ఇంటిల్లిపాదీ చెబుతారు. వెళుతుంది! మెట్లు కిర్రుమంటాయి. వెళుతుంది! దీపం ఆరిపోతుంది. అయినా వెళుతుంది! చివర్లో హీరో వస్తాడనుకోండి, అప్పటికి పనంతా ఆవిడే చేసేసి చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఉంటుంది. చదువుతుంటే నా గుండె బోటు ఇంజనులా కొట్టుకునేది.

తొంభైల చివర్లో పెళ్లయి పట్నంలోని పాతటౌనుకు కాపురానికొచ్చాను. ఆయనకు స్టీలుప్లాంటులో కాంట్రాక్టు పని. రోజుకు నాలుగు మాటలు ఖర్చుపెట్టడమే ఎక్కువ. రహస్యాలున్న మగాడు నవలల్లో అచ్చం ఇలాగే ఉంటాడు! అత్తకు మార్కెట్లో అరటిపళ్ల కొట్టు. మామ పోయాక ఒక్కతే నెట్టుకొచ్చింది. నాకేమో చేపను చూస్తే ఏ పూట పట్టిందో చెప్పగలనుగానీ, అరటిపండు చెట్టునే పసుపుగా వేలాడుతుందని నమ్మకం.

ఒకసారి పుట్టింటికి వెళ్లి తిరిగొచ్చేసరికి పెరటి గది మూసి ఉంది. మూయడమంటే మామూలుగా కాదు. తలుపు సందులన్నీ మట్టితో మెత్తేసి ఉన్నాయి!

“అత్తా, ఆ గదిలో ఏటున్నాది?”

“నీకెందుకే? ఆ తలుపు జోలికెల్లకు.”

అచ్చం నవలలో మాట! కాసేపటికి అత్త పెరట్లోకి వెళ్లి, తలుపుకు ముక్కు ఆనించి, గట్టిగా వాసన పీల్చి, తనలో తనే నవ్వుకుంది. మీరే చెప్పండి, మంచివాళ్లెవరైనా తలుపును వాసన చూసి నవ్వుతారా?

ఆయన్ని పట్టుకున్నాను. “మావా, ఆ గదిలో ఏటి?”

“అమ్మనడుగు.”

“అమ్మ సెప్తే కదా!”

“అయితే అడక్కు.”

నాలుగు మాటల కోటా అయిపోయింది.

మర్నాడు అత్త కొట్టుకెళ్లింది, ఆయన డ్యూటీకెళ్లాడు. నా చేతిలో నవల, నవలలో అమ్మాయి తాళం వేసిన గది ముందు. అప్పుడే చూశాను, పెరటి గది తలుపు కింద, ఎండి పగిలిన మట్టి సందులోంచి సన్నగా పొగ! లోపలెవరో ఉన్నారు, కాలిపోతున్నారు, కాపాడ్డానికి నేనొక్కదాన్నే! నవలను అక్కడే పడేసి లాంతరు వెలిగించాను. మిట్టమధ్యాహ్నమే. లాంతరు లేకుండా ఎలా వెళ్తామండీ, పద్ధతి కాదు.

అట్లకాడతో మట్టి గీకి, తలుపును భుజంతో ఒక్క తోపు తోశాను. “బయపడకండి! నాను వచ్చీసినాను!”

గుప్పున పొగ. దగ్గు, కన్నీళ్లు. కళ్లు తుడుచుకుని చూస్తే నేల నుంచి అటకదాకా అరటి గెలలు. మూలన కుండలో గడ్డి రాజుకుంటోంది.

“నిప్పంటుకుందోలమ్మో!” పక్కింటావిడ అరుపు మార్కెట్‌దాకా వినబడినట్టుంది. బిందెల వెనకాలే అత్త వచ్చింది.

“తలుపెవులు తీసినారు?”

“నానే అత్తా. లోపల ఎవులో ఉన్నారనుకొని…”

“ఉన్నారే! పద్మనాభం ఊళ్లో పెళ్లికి ఎల్లాల్సిన గెలలున్నాయి! పొగ బైటికి పోతే మగ్గుతాయేటే? మాటిచ్చినాను. ఎల్లుండి పెళ్లోల్లకి ఏటి సెప్పను నాను?”

చివరి మాటతో ఆమె గెలల పక్కనే కూలబడింది. నాలోని కథానాయిక లాంతరుతో సహా భూమిలోకి దిగిపోయింది.

డ్యూటీ నుంచి వచ్చిన ఆయన అంతా విన్నాడు. “ఎవులున్నారనుకున్నావ్?”

“నీ మొదటి పెళ్లాం.”

పెళ్లయ్యాక ఆయన పగలబడి నవ్వింది అప్పుడే.

అత్త మార్కెట్లో కొట్టుకొట్టుకూ తిరిగి, మా పచ్చి గెలలిచ్చి పండిన గెలలు మార్చుకుంది. పెళ్లివారికిచ్చిన మాట నిలిచింది. ఎవరికీ అక్కర్లేని కాయలు మా ఇంటికి మిగిలాయి. ఇక వేపుడు, కూర, బజ్జీ. అరటికాయ నా కలలోకొచ్చి “మళ్లీ తలుపు తీస్తావేటే?” అని అడిగేది.

ఆ కాయలు అయిపోయిన రోజు అత్త చెయ్యి చాపింది. “ఆ పుస్తకం తే.”

పొయ్యిలోకే అనుకుంటూ ఇచ్చాను. తిరిగి నా ఒళ్లోనే పడేసింది.

“సదువు. ఆ లాంతరు గుంట తలుపు తీసిందా, నేదా?”

అలా మొదలై, మధ్యాహ్నాలు కొట్టు దగ్గర చదవడం అలవాటైపోయింది. పళ్లమ్మే ఆడవాళ్లంతా చుట్టూ చేరేవారు. ఏ నవలైనా సరే, అమ్మాయి లాంతరు పట్టుకుని మూసిన గది ముందుకొచ్చిందంటే చాలు, మార్కెట్టు మొత్తం ఒక్క గొంతుతో అరిచేది:

“తియ్యకే గుంటా! గెలలుంటాయి!”

అందుకని పాఠకులారా, ఆ లాంతరు మీద చెయ్యేసి చెబుతున్నాను. ఈ జన్మలో మూసిన తలుపు దేన్నీ, ముక్కు ఆనించి వాసన చూడకుండా తీయను గాక తీయను.