గాజుముక్కల పొట్లం

మా చిన్నప్పుడు ఇంట్లో గాజు గ్లాసు పగిలితే, పగలగొట్టినందుకు తిట్లు పడేవి కావు... పారేసిన పద్ధతికి పడేవి.

నాకు పదమూడేళ్ళప్పటి మాట. కోల్‌కతాలో మునిసిపల్ క్వార్టర్స్‌లో ఒకటే గది మాది. నా చేతిలోంచి గ్లాసు జారింది. ముక్కలు చేటలోకి ఊడ్చి, గబగబా చెత్త డబ్బాలో గుమ్మరించేశాను. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న మా నాన్న చూడనే చూశాడు.

"ఏటే గుంటా, అలగే ఏసీసినావేటి? రేపు అది ఎత్తీవోడిది సెయ్యి కాదేటి?"

మా నాన్న వీధులు ఊడ్చేవాడు. పొద్దున్నే తోపుడు బండి తోసుకుంటూ, ఈల ఊదుకుంటూ గడపగడపకీ వెళ్ళి చెత్త తెచ్చేవాడు. అంతకుముందు నెలే ఎవరింటి చెత్తలోనో బ్లేడు ఉండి కుడి అరచెయ్యి చీరుకుపోయింది. పది రోజులు స్పూనుతో అన్నం తిన్నాడు. పప్పన్నం స్పూనుతో తినాలంటే ఆయనకి ఎంత చిరాకో... అమ్మ కలిపి పెడతానంటే ఇంకా చిరాకు!

ఆ డబ్బా నాచేతే బోర్లించాడు. ఒక్కో ముక్కా ఏరించాడు. పాత పేపరు నాలుగు మడతలేసి పొట్లం కట్టి, పైన ఎర్రగుడ్డ పీలిక చుట్టాలి. చదువు రానివాళ్ళకి కూడా తెలియాలని ఆ ఎర్రగుడ్డ. మా క్వార్టర్స్‌లో ఇంటింటా అదే పద్ధతి.

ఆ సెలవుల్లో మా క్వార్టర్స్ ఆడపిల్లలం నలుగురం నాన్న బండి వెంట వెళ్ళి, బెంగాలీ ఇళ్ళల్లో "మాషీమా, కాచ్‌టా ఆలాదా దేబేన్" అని చెప్పేవాళ్ళం. పిన్నిగారూ, గాజు విడిగా ఇవ్వండి అని. కొందరు విసుక్కునేవారు, కొందరు చేతిలో బిస్కెట్లు పెట్టేవారు. తొక్కలు ఒక డబ్బాలో, కాగితాలూ రేకు డబ్బాలూ ఇంకో సంచిలో... దాన్ని పర్యావరణం అంటారని మాకెవరూ చెప్పలేదు. చేతులు తెగకూడదని చేశాం, అంతే.

ఇప్పుడు నేనుండేది కోల్‌కతాలోనే, న్యూ టౌన్‌లో, పదకొండో అంతస్తులో. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో పర్యావరణ క్లబ్బుకి లీడరు కూడాను. పోయిన వారం 'భూమిని కాపాడండి' అని ఓ మోడల్ చేసింది. దేంతో అనుకున్నారు? థర్మోకోల్‌తో! మీద మెరుపుల పొడి, ప్లాస్టిక్ చెట్లు, చుట్టూ ప్లాస్టిక్ కవరు. వాటికోసం రెండుసార్లు బజారుకి తిరిగింది నేనే. మొదటి బహుమతి కూడా వచ్చింది. నాకు ఒళ్ళు మండింది, కానీ నోరు మూసుకుని ఫోటో తీశాను.

ఆ పనిలో రంగులు కలుపుకున్న గాజు సీసా పగిలిందట. ముక్కలన్నీ మిగిలిన థర్మోకోల్‌తో కలిపి నల్ల సంచిలో కుక్కి, మూతి ముడేసి తలుపు బయట పెట్టింది. పొద్దున చెత్తకి వచ్చే మాలతి, మేం మాలతీదీ అని పిలుస్తాం, ఆ సంచి అడుగున చెయ్యేసి ఎత్తింది. కేక విని పరిగెత్తాను. బొటనవేలి కింద ముక్క లోతుగా దిగిపోయింది. "కిఛ్ఛు నా బౌదీ", ఏం కాలేదులే వదినా అంటూనే ఉంది పాపం, రక్తం మాత్రం ఆగట్లేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి కుట్లు వేయించాను.

తిరిగొచ్చేసరికి మా అమ్మాయి అంది కదా... "అమ్మా, వాళ్ళు గ్లవ్స్ వేసుకోవాలి కదా?"

చెయ్యెత్తాను. కొట్టలేదు. కొట్టే హక్కు నాకెక్కడిది? "తాతయ్య కార్పొరేషన్‌లో పనిచేసేవారు" అని మాత్రమే దానికి చెప్పి పెంచాను. వినేవాళ్ళకి కుర్చీ, బల్ల, ఫైళ్ళు కనిపించేలాగ. మా సొసైటీలో అదే చెప్పాను, ఆఫీసులోనూ అదే.

ఆ రోజు కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. బండి సంగతి, ఈల సంగతి, పది రోజులు తిన్న స్పూను అన్నం సంగతి... అది ముందు మాలతీదీ ఇల్లెక్కడని అడిగింది. తర్వాత నెమ్మదిగా, "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా? తాతయ్యంటే నీకు సిగ్గా?" అంది.

నాలుగు రోజులైంది... ఇంకా జవాబు చెప్పలేదు. స్కూలు మీదా థర్మోకోల్ మీదా అరవడం తేలిక. అసలు కోపం నా మీద నాకే.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. మా సొసైటీలో, ఆఫీసులో ఉన్న తెలుగువాళ్ళందరూ ఈ గ్రూపులో ఉన్నారు కదా, చదవండి. మా నాన్న పేరు అప్పలస్వామి. ఉద్యోగం, వీధులు ఊడవడం. అవును, సిగ్గుపడ్డాను. ఎత్తే మనిషిని తలుచుకోకుండా మా ఇంట్లో ఏదీ పారేసేవాళ్ళం కాదు. ఇప్పుడు సంచి మూతి ముడేస్తే చాలు, ఆ మనిషే లేనట్టు బతికేస్తున్నాం.

మీ పిల్లలకి చెప్పకుండా దాచిన తాతయ్యలు మీ ఇళ్ళల్లోనూ ఉన్నారా... ఉంటే వాళ్ళు చేసిన పనేంటో కింద రాయండి. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు. ఈ పోస్టుతో సహా అన్నీ నేనే పైకి చదివి వినిపించాలి.