నా వెంటపడిన జట్టు

ఆ రోజుల్లో మా నిజామాబాద్‌లో తెల్లవారకముందు రోడ్డెక్కే మనిషికి మూడే కారణాలుండాలి: పాలు, పేపరు, ఆస్పత్రి. నాలుగో కారణం చెప్పేవాళ్లను ఊరు నమ్మేది కాదు. ఆ రోజులంటే మరీ తాతల కాలమేమీ కాదు, అందరి చేతుల్లో సెల్‌ఫోన్లున్న కాలమే. కానీ సెల్‌ఫోన్ వచ్చినంత మాత్రాన అనుమానం పోతుందా, ఇంకో నలుగురికి తొందరగా చేరుతుంది, అంతే. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. కంఠేశ్వర్‌లో ఒక ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం. (సూది పట్టుకున్న మనిషిని జనం ఎలాగూ అనుమానంగానే చూస్తారు, కాబట్టి నాకు కొంత అలవాటే.) అలాంటి నాకు సైకిలు మీద పట్నం, అంటే హైదరాబాద్, పోవాలన్న బుద్ధి పుట్టింది.

ఊరికే పుట్టలేదు. అంతకు కొన్నేళ్ల ముందు షుగరు ముదిరి మా బాపుకు ఒక కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఆ తర్వాత చాలాకాలం ఆయన కిటికీ పక్కనే కూర్చుని, రోడ్డున పోయేవాళ్ల ముఖాలు కాకుండా కాళ్లు చూస్తూ ఉండేవాడు. పట్నంలో ఒక సంస్థ వాళ్లు పైసా తీసుకోకుండా ఆయనకు కొత్త కాలు పెట్టి నడిపించారు. బాపు మొదటిసారి మూలమీది హోటలుకు తానే నడిచి వెళ్లి చాయ్ తాగి వచ్చిన రోజు, మా అమ్మ వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరకేసుకుని ఏడ్చింది. ఆ సంస్థ వాళ్లే మరికొందరి కాళ్ల కోసం సైకిల్ యాత్ర పెట్టారని తెలిసింది. నిజామాబాద్‌లో బయల్దేరి రెండు రోజుల్లో పట్నం చేరాలి, తొక్కేవాళ్ల పేరు మీద తెలిసినవాళ్లు చందా ఇస్తారు. నేను అందులో ఉండి తీరాలనుకున్నాను. చిక్కల్లా ఒక్కటే. నలుగురైతేనే జట్టు, ఒక్కరు తగ్గినా పేర్లు రాసుకోరు.

మిగతా ముగ్గురి కోసం వేట మొదలుపెట్టాను. ల్యాబ్‌లో నాతో పనిచేసే అమ్మాయిని అడిగాను. "నువ్వు చేరి, నీకు తెలిసినోళ్లను ఇంకో ఇద్దర్ని తోల్కరావాలె" అని అమాయకంగా అన్నాను. ఆ పిల్ల కుర్చీ ఒక జానెడు వెనక్కి జరుపుకుంది. "అక్కా, పోయినేడు గిట్లనే చెప్తె ఒకదాంట్ల చేరిన. ఇంట్ల ఇంకా డబ్బాలకు డబ్బాలు సన్నబడే పొడి ఉన్నది. మా ఆయన చాయ్‌ల కల్పుకొని తాగుతున్నడు" అంది. అది స్కీము కాదని ఎంత చెప్పినా, స్కీము వాళ్లు కూడా అలాగే చెబుతారంది. దుబాయి నుంచి వచ్చి వీధి చివర కిరాణా పెట్టుకున్న అన్నను అడిగాను. ఆయన అంతా శ్రద్ధగా విని, "పట్నంకు బస్సు లేదా?" అన్నాడు. ఉందన్నాను. "మరి?" అన్నాడు. మేడమీది పెద్దమ్మయితే నన్ను కిందికీ మీదికీ చూసి, "ఎవరి కోసం బిడ్డా గీ తిప్పలు?" అని గుసగుసగా అడిగింది.

ఆ గుసగుస మెట్లు దిగి మా అమ్మ చెవిన పడటానికి ఎంతోసేపు పట్టలేదు. అప్పటికి నేను మా ల్యాబ్ డాక్టరుగారబ్బాయి తొక్కి వదిలేసిన గేర్ల సైకిలు ఒకటి సంపాదించి, ఒక్కదాన్నే పొద్దున్నే బోధన్ రోడ్డు మీద నాలుగు రోజులు తిరిగి వచ్చాను. ఐదో రోజు అమ్మ నాకంటే ముందే లేచి తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుంది.

"చీకట్ల పోయేదానికి జడెందుకే?" అంది.

"హెల్మెట్ కింద జుట్టు నిలవదమ్మా."

"పౌడరెందుకు?"

"అది పౌడరు కాదు. ఎండకు రాసుకునేది."

"ఎండ ఏడున్నదే? ఇంకా సుక్కలే పోలేదు."

బాపు లోపలి నుంచి "పోనియ్యరాదు, పిల్ల మంచి పనికే పోతున్నది" అన్నాడు. అమ్మ ఆయనను కూడా అనుమానంగా చూసింది. ఆ రోజు సాయంత్రానికి, మా అక్క మొగుడు, పంపుసెట్ల దుకాణం నడిపే మా బావ, తనంతట తానే మా ఇంటికి వచ్చి, "పిల్లా, నాక్కూడ పొట్ట తగ్గించాలని ఉన్నది, రేపటి నుంచి నీతోని వస్త" అన్నాడు. పొద్దున ఎనిమిదికి ముందు మా బావ కళ్లు తెరవడం మా వంశంలో ఎవరూ చూడలేదు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపు నా మీద కాదు, నా వెనక నిలబడ్డ మా అమ్మ మీద ఉంది. అమ్మే పురమాయించిందని నాకు అర్థమైంది. గూఢచారి అయితేనేం, జట్టులో రెండో మనిషి దొరికాడు.

బావ గూఢచర్యం ఘనంగా సాగింది. ఎదురుగా పాలవాడొస్తే "గీయనెవరు, నీకు తెల్సా?" అనేవాడు. నేను దమ్ము తీసుకోవడానికి ఆగితే రోడ్డుకు రెండువైపులా చూసేవాడు. రెండు వారాలు తిరిగినా అమ్మ అనుమానించిన పిలగాడు దొరకలేదు గానీ, బావకు సైకిలు రుచి దొరికింది. గేర్ల సైకిలు కొన్నాడు. అద్దం ముందు హెల్మెట్ పెట్టుకుని చూసుకోవడం, పొద్దున్నే కూనిరాగం తీస్తూ మొహం కడుక్కోవడం మొదలుపెట్టాడు. ఇక మా అక్క ఊరుకుంటుందా? తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఒకరోజు ఊరు దాటగానే మా వెనక ఒక సైకిలు గంట వినిపించింది. తిరిగి చూస్తే, చిన్నప్పుడు బడికి తొక్కిన పాత లేడీస్ సైకిలు మీద, పంజాబీ డ్రెస్సు చున్నీ నడుముకు బిగించి అక్క వస్తోంది.

"నువ్వెందుకొచ్చినవ్?" అన్నాడు బావ.

"నువ్వెందుకు పాడుకుంట లేస్తున్నవో సూద్దామని" అంది అక్క. ఆయన మా అమ్మకు ఇచ్చిన మాట చెప్పలేడు, చెప్పకపోతే పెళ్లాం నమ్మదు. హెల్మెట్ పట్టీ బిగించుకుని ముందుకు తొక్కాడు. అక్క మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. అలా ముగ్గురమయ్యాం.

నాలుగో మనిషి సంగతి చెప్పాలంటే ఆ రుతువు సంగతి చెప్పాలి. శివరాత్రి దగ్గర పడుతోంది. బోధన్ వైపు చెరుకు కొట్టే కాలం, రోడ్డంతా చెరుకు ట్రాక్టర్లు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, కల్లాల్లో ఎండబోసే కాలం కూడా అదే. ఏడాది కష్టమంతా రోడ్డు పక్కన ఆరుబయట పరిచి ఉంటుంది కాబట్టి, ఆ రోజుల్లో రైతు కల్లం దగ్గరే పడుకుంటాడు, ఆకు కదిలినా టార్చి వేస్తాడు. ఇవేవీ ఆలోచించకుండా మేం ముగ్గురం నెత్తికి లైట్లు కట్టుకుని, రోజూ అదే వేళకు, కల్లాల పక్కనుంచి నెమ్మదిగా పోతున్నాం. (నెమ్మదిగా ఎందుకంటే అక్క సైకిలుకు గేర్లు లేవు.) ఒకరోజు బావ ఒక చెరుకు ట్రాక్టరు వెనక చేరాడు. పెద్ద లోడు వెనక ఉంటే ఎదురుగాలి తగలదని ఆయన కనిపెట్టిన ఉపాయం. ఉపాయం అక్కడితో ఆగితే బాగుండేది. చెయ్యి చాచి ఒక గడ లాగాడు. ఎడపల్లి దాటాక అందరం ఆగి, బావ ఆ గడను పంటితో చీలుస్తుండగా ముఖాల మీద టార్చి పడింది.

టార్చి వెనక ఒక పెద్దాయన, భుజాన గొంగడి, చేతిలో కట్టె. "పది దినాల సంది సూస్తున్న. ఇయ్యాల సొత్తుతోని దొరికిండ్రు" అన్నాడు. బావ చెరుకును వీపు వెనక దాచుకున్నాడు, ఆరడుగుల గడ తల మీదుగా కనబడుతూనే ఉంది. అక్క సాయానికి వచ్చి, "మేం దొంగలం కాదు కాకా, ఆయనను కనిపెడ్దామని నేనొచ్చిన" అంది. కాకా ఆమె వైపు టార్చి తిప్పి, "అంటె ఆయన దొంగనే గద" అన్నాడు. నేను యాత్ర గురించి, కాళ్ల గురించి గబగబా చెప్పాను. ఎంత నిజం చెబితే అంత అబద్ధంలా వినిపించింది. చివరికి "పోండ్రి. కని నేను ఎనకనే ఉంట" అన్నాడు.

అన్నమాట నిలబెట్టుకున్నాడు. మర్నాటి నుంచి మేం కల్లం దాటగానే ఒక నల్ల సైకిలు మా వెనక పడేది. మేం వేగం పెంచితే ఆయనా పెంచేవాడు, ఆగితే ఆగేవాడు. బోధన్ దాకా వచ్చి, మేం చాయ్ తాగుతుంటే దూరంగా నిలబడి, తిరిగి కల్లం దాకా మమ్మల్ని దిగబెట్టేవాడు. బావకు ఆయన మీద అనుమానం. కల్లం పక్క గుడిసెలో నులక మంచం మీద ఎప్పుడూ ఒకతను దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంటాడు, ఒక్కసారీ లేచి నిలబడగా చూడలేదు. ఎవరని అడిగితే కాకా, "తమ్ముడు. పానం బాగుండదు" అని మాట తప్పించాడు. "ఏదో దాస్తున్నడు" అన్నాడు బావ. ఆ మాట చెరుకు గడ దాచిన మనిషి నోటి నుంచి రావడం నాకు నచ్చలేదు గానీ, నాకూ అలాగే అనిపించింది.

పేర్లిచ్చే గడువు దగ్గర పడింది. నాలుగో మనిషి లేడు. అప్పుడు అక్కే అంది: "నాలుగో ఆయన రోజూ మన ఎనకనే వస్తుండు గదనే." మర్నాడు చాయ్ దగ్గర ధైర్యం చేసి అడిగాను, "కాకా, మాతోని పట్నం దాక వస్తవా?"

"కాళ్లు ఉత్తగనే ఇస్తరంటివి. నిజమా?"

"నిజం కాకా. మా బాపుకిచ్చిండ్రు."

"ఉత్తగ ఎవరన్న ఇస్తరా? సూపెట్టు."

ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు. బాపు పంచె పైకి తీసి కాలు చూపించాడు. కాకా దాన్ని కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు వేలి కణుపులతో కొట్టి చూశాడు. లేచి నడవమన్నాడు. బాపు గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచాడు. మళ్లీ నడవమన్నాడు. ఇంతా చూసి, "పిల్ల మీ బిడ్డనే. మీ బిడ్డ మాటే మీరు చెప్తరు" అన్నాడు. మా అమ్మకు ఆయన తెగ నచ్చేశాడు. జన్మలో మొదటిసారి తన సాటి మనిషి దొరికినట్టు చూసి, ఇంకో గ్లాసు చాయ్ పోసింది. వెళ్తూ గడప దగ్గర కాకా, "వస్త. మీరు నిజంగ పట్నమే పోతరా, ఇంకేడికన్న పోతరా సూడాలె. నమ్మి కాదు" అన్నాడు.

యాత్ర రెండు రోజులూ కాకా మాకు ముందు ఒక్కసారీ పోలేదు. ఓపిక లేక కాదు, ముందు పోతే మేం కనబడమని. వందలమంది రంగురంగుల బట్టల్లో తొక్కుతుంటే ఆయన ధోతీ మీద, నల్ల సైకిలు మీద, మా ముగ్గురి వీపులు చూస్తూ వచ్చాడు. అస్తమానం నడుము దగ్గర, రొండిన చెయ్యి పెట్టి ఏదో తడుముకునేవాడు. "కత్తి కావచ్చు" అన్నాడు బావ. "పంట అమ్మిన పైసలు కావచ్చు" అంది అక్క. రాత్రి మజిలీలో ఆ చెయ్యి రొండి మీదే పెట్టుకుని నిద్రపోయాడు. రెండో రోజు ఎదురుగాలికి నా తొడలు రాయిలా బిగుసుకుని, ఇక ఆటో ఎక్కుదామని రోడ్డు పక్కన కూలబడ్డాను. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "గదే అనుకున్న. తొవ్వలనే దిగిపోతరనుకున్న." ఆ ఒక్క మాటకు పౌరుషం వచ్చి లేచాను. పట్నం దాకా ఆ పౌరుషమే తొక్కింది.

చేరాక మెడలో దండలు వేశారు, ఫోటోలు తీశారు. కాకా దండ తీసి హ్యాండిల్‌కు తగిలించి, "కాళ్లేడున్నయ్?" అన్నాడు. లోపల పెద్ద గదిలోకి తీసుకెళ్లాను. గోడ పొడవునా అరల్లో కాళ్లు, పెద్దవీ చిన్నవీ, పసిపిల్లలవీ. ఆయన మొదటి అర నుంచి చివరి అర దాకా నడిచాడు. ఒక్కదాన్నీ కొట్టి చూడలేదు. తర్వాత రొండిన చెయ్యి పెట్టి, చుట్ట చుట్టిన సుతిలి తాడు బయటికి తీశాడు. దాని మధ్యలో ఒక ముడి ఉంది.

"మా తమ్మునిది. చెరుకు ట్రాక్టరు కింద పోయింది. మంచి కాలుకు కొలిచి తెచ్చిన" అన్నాడు అక్కడున్న అమ్మాయితో. "మోకాలి నుంచి మడిమె దాక. ముడేసిన కాడికి."

ఆ అమ్మాయి తాడు చేతిలోకి తీసుకుని, తాడు చాలదనీ, మనిషినే తీసుకురావాలనీ మెల్లగా చెప్పింది. "తోల్కొస్తె ఇస్తరా? ఒకసారి ఒకడు గిట్లనే చెప్పి పట్నం దాక తిప్పిండు, ఇస్త ఇస్తనని ఇయ్యలె" అన్నాడు. ఆయన మమ్మల్ని నమ్మక వెంటపడ్డాడనుకున్నాను అన్నాళ్లూ. నమ్మనివాడు తాడు కొలిచి, ముడేసి, రెండు రోజులు రొండిన దాచుకుని తెస్తాడా? నాకు కళ్లు నిండాయి. అక్క అప్పటికే చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. బావ అరల వైపు తిరిగి, లేని దుమ్ము తుడుస్తున్నాడు.

ఇదంతా జరిగి ఏళ్లయింది. నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. పెళ్లిపీటల మీద కూడా మా అమ్మ నా చెవి దగ్గర వంగి, "అప్పటి పిలగాడు గీయననేనా?" అని అడిగింది. కాదంటే నమ్మదు కాబట్టి అవునన్నాను. ఇప్పుడు నేను పొద్దున్నే సైకిలు తీస్తే మా ఆయన దుప్పట్లోంచే "తలుపు దగ్గరేసి పో" అంటాడు. ఎటు పోతున్నావని ఎవరూ అడగరు. జడ ఎందుకని అడగరు. స్వేచ్ఛే, కాదనను, కానీ బోధన్ రోడ్డు మీద ఒక్కొక్కసారి ఊరికే వెనక్కి తిరిగి చూస్తుంటాను. మొన్న పసుపు కాలంలో అలాగే తిరిగి చూస్తుంటే, కల్లం వైపు నుంచి నా ముఖం మీద టార్చి పడింది. కాకా తమ్ముడు, కట్టె చేత పట్టుకుని, రెండు కాళ్లతో రోడ్డు మీదికి నడుచుకుంటూ వచ్చాడు.

"ఎవరది? గీ యాళ్లప్పుడు ఏం పని?" అన్నాడు.

వెంటనే పేరు చెప్పొచ్చు. చెప్పలేదు. ఇంకొంచెంసేపు అనుమానించనీ అని, సైకిలు దిగి నిలబడ్డాను.