మంటలో ఎల్సీ పేరు

ఇది నిన్నటివరకూ ఎవరికీ చెప్పలేదు. నా భార్యకి చెప్పలేదు. ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకున్నప్పుడు, ఆయనకి ఎలాగూ తెలుసు కదా అని దేవుడి దగ్గర కూడా దాటేస్తూ వచ్చాను. ఎంత బరువు అని అడిగితే చెప్పలేను. పనిలో పడితే ఉండదు. పిల్లలతో నవ్వుతున్నప్పుడు ఉండదు. ఎక్కడైనా ఎండుకట్టె మంటలో చిటపటమన్న చప్పుడు వినబడితే మాత్రం చేతులు చల్లబడిపోతాయి. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు తెలియదు. అలాగే ఉండనివ్వండి. వినండి చాలు.

నేను ఒక సమాధిని పోగొట్టాను. చిన్నపిల్ల సమాధి.

అప్పుడు పెర్త్‌లో చదువుకుంటున్నాను. కానింగ్ వేల్ అనే పేటలో ఒక ఇంట్లో మేం చాలామందిమి కలిసి ఉండేవాళ్ళం. నాతో ఒకే గదిలో ఉండేవాళ్ళు రాజేష్, ఫణి. రాజేష్‌ది గుంటూరు, ఫణిది కరీంనగర్, నాది భీమవరం దగ్గర ఒక ఊరు. వారమంతా యూనివర్సిటీ, వారాంతం గోడౌన్లో పని. ఆ దేశం వచ్చి ఏడాది దాటినా మాకు గోడౌనూ, బస్సూ, క్లాసు రూమూ తప్ప ఏమీ తెలియదు. సెమిస్టర్ మధ్యలో సెలవులొచ్చాయి. చలికాలం వెళ్ళిపోతోంది. ఉత్తరాన ఎడారి నేలంతా పూలు పూస్తాయట, చూసొద్దాం రా అన్నాడు రాజేష్. వాడు అప్పుడే పాత కారొకటి కొన్నాడు.

వెళ్ళాం. ఊళ్ళు అయిపోయాయి. తారు రోడ్డు అయిపోయింది. ఎర్రమట్టి దారి మొదలైంది. అటూ ఇటూ కంచె కూడా లేని పశువుల మేత భూములు. అక్కడివాళ్ళు వాటిని స్టేషన్లంటారు. ఒక్కో కుటుంబానికి ఒక్కో జిల్లా అంత భూమి. రోజంతా నడిపినా ఒక ఇల్లు కనబడదు. పూలు మాత్రం నిజంగానే ఉన్నాయి. తెల్లవీ, గులాబీవీ, కాగితంతో చేసినట్టు గలగలమనేవి, కనుచూపు మేరా పరిచేసి ఉన్నాయి. ఒక ఎండిపోయిన వాగు పక్కన, నాలుగు చెట్లున్న చోట, మధ్యాహ్నం కారు ఆపాం. రేపటిదాకా ఇక్కడే ఉందాం అన్నాడు ఫణి. తెచ్చిన కోడిమాంసం ఉంది. మంట వేసి కాల్చుకుందాం అనుకున్నాం.

కట్టెలు ఏరడం నా వంతు.

అక్కడ కట్టెలకేం లోటు లేదు. ఇది మీకు ముందే చెప్పాలి. చెట్ల కింద రాలిన కొమ్మలు బోలెడు ఉన్నాయి. కానీ చెట్లకి కాస్త ఎడంగా, ఖాళీ నేలలో, రెండు గుంజలు పాతి ఉన్నాయి. వాటి మధ్య ఒక అడ్డకర్ర. పక్కన ఒక చెక్క సగం ఒరిగి ఉంది. బూడిదరంగులో బాగా ఎండిపోయి ఉన్నాయి అన్నీ. ఎప్పుడో విరిగిపోయిన పాత కంచె అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇది. చుట్టూ కంచె లేని చోట, ఒక మంచమంత మేర మాత్రమే కంచె ఎవరు కడతారు? మా ఊళ్ళో సమాధుల పండుగకి మా నాయనమ్మ సమాధికి సున్నం వేసేవాణ్ణి నేను. పూలదండ వేసి, కొవ్వొత్తులు వెలిగించి, గాలికి ఆరిపోకుండా చేతులు అడ్డం పెట్టేవాణ్ణి. సమాధి ఎంత పొడవుంటుందో, ఎంత వెడల్పుంటుందో నా చేతులకి తెలుసు. అలాంటివాణ్ణి చూసి కూడా పోల్చుకోలేదా? ఏమో. ఊపితే గుంజలు సులువుగా వచ్చేశాయి. చెక్కని కాలితో తొక్కి రెండు ముక్కలు చేశాను. దాని మీద ఏవో గీతలు చేతికి తగిలాయి. పురుగు తిన్న గుర్తులనుకున్నాను.

గుంజలు తీసేశాక అక్కడ నేల చదునుగా కనబడింది. రాజేష్ కారు తెచ్చి అక్కడ పెట్టాడు.

మంట బాగా అంటుకుంది. పాత చెక్క కదా, నూనె పోసినట్టు మండింది. రాజేష్ మాంసం తిప్పుతున్నాడు. ఫణి ఏదో పాట పాడుతున్నాడు. నేను చెక్క ముక్క ఒకటి మంటలోకి జరిపాను. దాని పైపొర నల్లబడింది. నల్లబడిన దాంట్లో, గీతల లోపల నిప్పు ఎర్రగా పాకింది. అప్పుడు చదవగలిగాను. అక్షరాలు. ఎవరో కత్తితో, వంకరటింకరగా చెక్కిన అక్షరాలు. ఎల్సీ. దాని కింద, వయసు మూడు.

అప్పుడైనా చెయ్యి పెట్టి లాగి ఉండొచ్చు. చెక్క ఇంకా సగం కూడా కాలలేదు. కాళ్ళ దగ్గర నీళ్ళ డబ్బా ఉంది. ఒక్క మాట, ఒరేయ్ ఆగండిరా అని ఒక్క మాట అని ఉంటే చాలు. నేనేం చేశానో తెలుసా? ఇంకో కట్టె తీసి దాని మీద పెట్టాను. ఆ పేరు కనబడకుండా. ఎందుకలా చేశానో ఇప్పటికీ నాకు తెలియదు. వాళ్ళు నన్ను తిడతారనా? వీసా పోతుందనా? పోలీసులనా? అవేవీ ఆ క్షణంలో తోచలేదు. కనబడకుండా చెయ్యాలి, అంతే తోచింది. తర్వాత వాళ్ళతో కలిసి మాంసం తిన్నాను. తిన్నాను. ఆ ముద్ద గొంతు దిగడం నాకింకా గుర్తుంది.

మర్నాడు పొద్దున్న మేం సామాను సర్దుకుంటుంటే దుమ్ము లేపుకుంటూ ఒక యూట్ వచ్చింది. వెనకాల సామాను వేసుకునే బండి అది. పెద్దావిడ దిగింది. డెబ్బై దాటి ఉంటుంది. మగవాళ్ళ టోపీ, ఒక కాలు కొంచెం ఈడుస్తూ నడక. చేతిలో తాజా పూల కట్ట. మమ్మల్ని చూసి కోప్పడుతుందనుకున్నాం. చెయ్యి ఊపింది. పేరు జోన్ అని చెప్పింది. ఆ భూమి వాళ్ళదే. మంట ఆర్పేసి, బూడిద మీద మట్టి కప్పేశారు కదా, మంచి పిల్లలు అంది. మట్టి కప్పింది నేనే.

ఆ మాటలు జరిగింది ఇంగ్లీషులోనే. నా లోపల మాత్రం ఎప్పుడూ తెలుగులోనే వినబడతాయి.

"ఇక్కడొక చెక్క ఉండాలి బాబూ. రెండు గుంజలూ, ఒక చెక్కా. చూశారా మీరు?"

రాజేష్, ఫణి ఇద్దరూ నావంక చూశారు. వాళ్ళకేమీ తెలియదు, కట్టెలు తెచ్చింది నేను కాబట్టి చూశారు.

"లేదండీ. మేం వచ్చేసరికి ఇక్కడేం లేదు."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదండీ."

ఆవిడ నన్ను అనుమానించలేదు. అదే నన్ను చంపేసింది. తర్వాత మెల్లిగా చెప్పింది. వాళ్ళ తాతా నాయనమ్మా ఆ ప్రాంతానికి మొట్టమొదట వచ్చిన కుటుంబం. ఎడ్లబండి మీద వచ్చి ఈ వాగు పక్కనే డేరా వేశారు. ఎల్సీ వాళ్ళ మొదటి బిడ్డ. జ్వరం వచ్చి పోయింది. చుట్టుపక్కల ఎక్కడా డాక్టరు లేడు, పాస్టరు లేడు. తాత తనే తవ్వాడు, తనే పూడ్చాడు, జేబులో కత్తితో ఆ చెక్క మీద పేరు చెక్కాడు. తర్వాత వాగులో నీళ్ళు చెడిపోయి వాళ్ళు దూరంగా వెళ్ళి ఇల్లు కట్టుకున్నారు. పాప మాత్రం ఇక్కడ ఉండిపోయింది. నాయనమ్మ బతికినన్నాళ్ళూ పూల కాలానికి వచ్చి పోయేది. పోతూ పోతూ కొడుకుని అడిగింది, పాప దగ్గరికి వెళ్తూ ఉండమని. ఆ కొడుకు తను పోతూ ఈవిణ్ణి అడిగాడు.

"మట్టి దిబ్బ ఎప్పుడో వాన నీళ్ళకి కొట్టుకుపోయింది. ఆ చెక్కే గుర్తు," అంది. "చెదలు తినేశాయో, పశువులు తొక్కేశాయో. పోయినేడు బాగానే ఉంది."

పూలు పట్టుకుని అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. ఒక చెట్టు దగ్గర ఆగుతుంది, తల అడ్డంగా ఊపుతుంది, ఇంకో చెట్టు దగ్గరికి వెళ్తుంది. అక్కడ చెట్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. వాగు ఒడ్డు కూడా ప్రతి వానకీ జరుగుతుందట. ఆవిడ వెతుకుతోంది. నేను చూస్తున్నాను. పాప ఎక్కడుందో నాకు తెలుసు. మా కారు వెనక చక్రం కింద ఉంది.

ఇదీ నేను చెప్పాలనుకున్నది. చెక్క కాల్చడం కాదు. అది తెలియక చేశానని ఇప్పటికీ వాదించుకోగలను, ఏదో ఒక కోర్టులో గెలవగలను కూడా. కానీ ఆ పూట, ఆ భూమ్మీద, ఆ చోటు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెయ్యి చాపి చూపిస్తే అయిపోయేది. అబద్ధం కూడా చెప్పి ఉండొచ్చు, అక్కడేదో గుంట ఉన్నట్టుందండీ అని. అదైనా చెప్పలేదు.

చివరికి ఆవిడ ఒక చెట్టు కింద ఆగింది. "ఇక్కడే. ఇక్కడే అనుకుంటాను," అంది. వాగులోంచి రాళ్ళు తెచ్చి పేర్చడానికి సాయం చేస్తారా అని అడిగింది. ఫణి ముందు పరుగెత్తాడు. రాజేష్ చొక్కా విప్పి మరీ మోశాడు. వాళ్ళిద్దరూ మనస్ఫూర్తిగా చేశారు. నేనూ మోశాను. అందరికంటే పెద్ద రాయి నేనే తెచ్చాను. పాప లేని చోట పాపకి గుట్ట కట్టాం. ఆవిడ పూలు పెట్టింది.

నా మెడలో గొలుసుకున్న సిలువ చూసి, ప్రార్థన చేస్తావా బాబూ, మీ భాషలోనైనా పర్లేదు అని అడిగింది. పరలోక ప్రార్థన మొదలుపెట్టాను. చిన్నప్పటి నుంచీ నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి. క్షమించమనే మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఎంత ప్రయత్నించినా రాలేదు. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. నేను ఏడుస్తున్నాననుకుంది, ఎవరో తెలియని పిల్ల కోసం. నీ మనసు మంచిది అంది.

బయల్దేరేటప్పుడు రాజేష్ కారు వెనక్కి తీశాడు. చక్రాలు ఆ నేల మీంచి వెళ్ళడం నా కింద తెలిసింది. నేను వెనక సీట్లో కూర్చుని ఉన్నాను.

తర్వాత అంతా మామూలుగానే జరిగింది. చదువు అయింది, అక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది, ఉద్యోగం, పెళ్ళి. రాజేష్ సిడ్నీ వెళ్ళిపోయి బ్లాక్‌టౌన్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా ఆ ట్రిప్పు గుర్తుందారా, ఆ పెద్దావిడ, మనం చేసిన ఒకే ఒక్క పుణ్యకార్యం అంటాడు. నేను ఊఁ అంటాను.

నాకో కూతురు పుట్టింది. దాని మూడో పుట్టినరోజు నాడు కేకు ముందు కూర్చోబెట్టడానికి ఎత్తుకోబోయి, ఎత్తుకోలేకపోయాను. ఎల్సీ ఇంతే ఉండి ఉంటుంది. ఇంత బరువే ఉంటుంది. ఇంత పిల్లని ఆ తండ్రి తన చేతులతో గోతిలోకి దించాడు. నాకు ఆ పూట మొదటిసారి అర్థమైంది. అంతకు ముందు భయపడ్డాను, సిగ్గుపడ్డాను, కానీ అర్థం కాలేదు. నా భార్య ఏమైంది అంటే తల తిరుగుతోంది అన్నాను.

పోయినేడు పని మీద ఉత్తరానికి వెళ్ళాల్సి వచ్చింది. తిరుగు దారిలో అటు తిప్పాను. ఎందుకు? ఒకసారి చూద్దామని. పూల కాలం కాదు. అంతా ఎర్రమట్టి. రాళ్ళ గుట్ట అలాగే ఉంది, ఇంకా పెద్దదైంది, ఏటేటా ఎవరో రాళ్ళు చేర్చారు. దానికి ఒక లోహపు పలక బిగించి ఉంది. ఎల్సీ పేరు ఉంది. దాని కింద జోన్ పేరు ఉంది. మేనత్త పక్కనే అని రాసి ఉంది.

దారిలో పెట్రోలు పోయించుకునే చోట కౌంటర్ దగ్గరున్నామెని అడిగితే చెప్పింది. పెద్దావిడ పోయిందట. తన అస్థికలు పాప పక్కనే పాతిపెట్టమని అడిగిందట. ఆ చిన్నపిల్ల అక్కడ ఒక్కతే ఉంది, ఇన్నేళ్ళు ఒక్కతే ఉంది, ఇక తోడు ఉంటాను అందట. ఇప్పుడు ఆ స్టేషన్‌ని ఆవిడ కూతురు చూసుకుంటోంది. నంబరు కావాలా అంది. తీసుకున్నాను.

చాలా రోజులు ఫోన్ చెయ్యలేదు. నంబరు నొక్కుతాను, తీసేస్తాను. చెప్పి ఏం ప్రయోజనం? ఆవిడ పోయింది కదా, తోడున్నాననే నమ్మకంతో పోయింది కదా, అది కూతురి దగ్గర ఎందుకు పాడుచెయ్యాలి? ఇది దయా, పిరికితనమా? దయ అయితే నాకు అంత హాయిగా ఎందుకుంది, చెయ్యకుండా ఉండటం? అక్కడ నాకు నేనే దొరికిపోయాను.

నిన్న చేశాను. కారులో కూర్చుని, అద్దాలు ఎత్తి. అంతా చెప్పాను. చెక్క, మంట, అబద్ధం, చక్రం. నేను ఆపాక ఆమె అడిగింది, "ఏ వైపు?"

చెప్పాను. గుట్ట దగ్గర వాగుకి వీపు పెట్టి నిలబడితే ఎడమ పక్కకి, చెట్లు అయిపోయిన తర్వాత, చదునుగా ఉండే నేల. చెప్తుంటే నా చెయ్యి గాల్లో అటు చూపిస్తోంది, ఆమె చూస్తున్నట్టు.

"మా అమ్మ ఆ గుట్ట దగ్గరుంది," అంది. గట్టిగా కాదు. ఫోన్ పెట్టేసింది.

క్షమించానని అనలేదు. నేను అడగలేదు. ఆమె నాకు ఫోన్ చెయ్యదనుకుంటాను. ఆమె ఏం చేస్తుందో, వెళ్ళి ఆ చోట నిలబడుతుందో, వాళ్ళమ్మని తవ్వి జరుపుతుందో, నన్ను జీవితాంతం తిట్టుకుంటుందో, అది తెలుసుకునే హక్కు నాకు లేదు.

కానీ ఇన్నేళ్ళూ ఎల్సీ ఎక్కడుందో ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు. నిన్నటి నుంచి ఆమెకి తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.