టైరు లోపలి పక్క

ఆరు చలికాలాలుగా నా కుడిచేతి వేళ్లకు ఒక ఉబ్బు తగులుతోంది. అన్నం కలుపుతున్నప్పుడు, చొక్కా గుండీలు పెట్టుకుంటున్నప్పుడు, మనవరాలి తల నిమురుతున్నప్పుడు. ఉసిరికాయంత ఉంటుంది. చల్లగా, తడిగా, నొక్కితే కాస్త మెత్తగా. అది నా ఒంటి మీద లేదు. ఒక కారు టైరు మీద ఉండేది. ఆ కారు నాది కాదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయడం లేదు. ఆ అమ్మాయి ఎవరో బయటపడకూడదని రాయలేదని చెప్పుకోవచ్చు. కానీ సగం పిరికితనమే.

నాకు డెబ్బై నాలుగేళ్లు. ఇంగ్లండులోని లీడ్స్‌లో ఒక బస్సుల గ్యారేజీలో ఇరవై ఎనిమిదేళ్లు తనిఖీ పని చేశాను. పొద్దున్నే బస్సు బయటికి వెళ్లేముందు చుట్టూ తిరిగి చూసి, బాగుందని సంతకం పెట్టేవాణ్ణి. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇక్కడికి చదువుకోవడానికో ఉద్యోగానికో వచ్చిన మన పిల్లలు పాత కారు కొనాలంటే ముందు నాకు చూపిస్తారు. "అంకుల్ చూశారా?" అని ఒకరినొకరు అడుగుతారు. చూశారంటే ఇక వేరే ప్రశ్న ఉండదు. ముందు కుడి చక్రం దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతాను. ప్రతి టైరుకూ లోపలి పక్క చెయ్యి పెట్టి తడుముతాను. బయటికి కనిపించేది ఎవరైనా చూస్తారు, కనిపించనిది చూడాలి అంటాను. చలికాలం మొదట్లో కమ్యూనిటీ హాల్లో మంచులో కారు నడపడం గురించి గంటసేపు మాట్లాడతాను. దిగుడులో బ్రేకు తొక్కకండి, గేరుతోనే వేగం తగ్గించండి అని చెబుతాను. పిల్లలు ఫోన్లలో రాసుకుంటారు. అలా రాసుకుంటుంటే చూడడం నాకు ఇష్టం. చాలా ఇష్టం. ఈ కథకు మూలం ఆ ఇష్టమే.

ఆ అమ్మాయిని శైలజ అంటాను. ఒంగోలు దగ్గర ఊరు. అప్పటికి ఇరవై ఏడేళ్లు. మా వీధి చివర ఫ్లాట్‌లో మరో ముగ్గురు అమ్మాయిలతో ఉండేది. మాస్టర్స్ అయ్యాక కేరర్ పనిలో చేరింది. లేవలేని ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లను మంచం మీంచి లేపి, ఒళ్లు తుడిచి, మందులు వేసి, ఆ రోజు జాబితాలో ఉన్న తర్వాతి ఇంటికి పరుగెత్తాలి. కారు లేకపోతే ఆ పని లేదు. ఆ పని లేకపోతే వీసా లేదు. ఈ రెండూ నాకు ఆ రోజు కూడా తెలుసు. ఆమె నడిపే చిన్న నీలం కారును ఎంపిక చేసింది కూడా నేనే.

ఆ రోజు నా కారు రిపేరుకు ఇచ్చాను. కొండల అవతల ఒక చిన్న ఊళ్లో మన కుటుంబం ఒకటి పాత కారు బేరమాడుతూ, వచ్చి చూసిపెట్టమని అడిగింది. శైలజకు సెలవు. ఆమె కారు అడిగాను. అప్పటికే సన్నగా మంచు పడుతోంది. రేపు వెళ్లకూడదా అంకుల్ అంది. నువ్వు పుట్టకముందు నుంచీ ఈ మంచులో నడుపుతున్నానమ్మా అన్నాను. ఆమె కారు నడపడానికి ఒక్కరోజు ఇన్సూరెన్స్ తీసుకుని, గాలి చూసుకుని, అద్దాలు సర్దుకుని బయలుదేరాను. అంతా పద్ధతి ప్రకారమే.

వెళ్లి చూసి వచ్చేటప్పుడు జరిగింది. కొండ దిగుతున్నాను. మలుపులో ఒక గొర్రె రోడ్డుకు అడ్డంగా వచ్చి ఉంటే మీకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఏదీ రాలేదు. కారు కొంచెం వేగం అందుకున్నట్టనిపించింది, అంతే. నేను బ్రేకు తొక్కాను. ఎవరికైతే తొక్కవద్దని ఏటా చెబుతానో వాళ్లలో కొత్తవాడు తొక్కినట్టు తొక్కాను. కారు నా మాట వినడం మానేసింది. పక్కకు తిరిగి, గట్టు మీది గడ్డి దాటి, రాతిగోడ అడుగున పడి ఉన్న ఒక రాయికి ఎడమ ముందు చక్రం కొట్టుకుని ఆగింది.

దిగాను. నాకేమీ కాలేదు. వెంటనే చుట్టూ చూశాను. ఎందుకో తెలుసా? దెబ్బ తగిలిందా అని కాదు. ఎవరైనా చూశారా అని.

తర్వాత తనిఖీ మొదలుపెట్టాను. జేబులోంచి చిన్న పుస్తకం తీశాను. ముందు కుడి చక్రం, సరే. వెనక కుడి, సరే. వెనక ఎడమ, సరే. బంపరుకు గడ్డీ మట్టీ తప్ప గీత కూడా లేదు. లైట్లు వెలుగుతున్నాయి. కింద ఏమీ కారడం లేదు. ఎడమ ముందు చక్రం దగ్గర కూర్చున్నాను. రిమ్ము అంచు గోటిమందాన వంగింది. టైరు బయటి పక్క బాగానే ఉంది. చేతి తొడుగు తీసి లోపలి పక్కకు చెయ్యి పోనిచ్చాను. వేళ్లకు తగిలింది.

అలాంటి ఉబ్బు అంటే ఏమిటో నాకు చెప్పాల్సిన పని లేదు. దెబ్బకు టైరు లోపలి దారాలు తెగిపోతాయి. ఇక గాలిని ఆపి ఉంచేది పైనున్న రబ్బరు పొర ఒక్కటే. ఒక రోజు ఆగవచ్చు, నెల ఆగవచ్చు. వేగంగా పోతుంటే పేలిపోతుంది. ఏ బస్సుకైనా అది కనిపిస్తే గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు. చేతిలో పుస్తకం ఉంది, పెన్సిల్ ఉంది. నాలుగో చక్రం ఎదుట ఏమీ రాయలేదు.

గొర్రెలకు మేత తీసుకెళ్తున్న ఒక రైతు తాడు కట్టి కారును రోడ్డు మీదికి లాగాడు. ఆ చక్రం ఎవరికైనా చూపించు పెద్దాయనా అన్నాడు. నా పనే అది అన్నాను. అయితే ఇంకేం, మంచిదే అని నవ్వి వెళ్లిపోయాడు. బంపరు మీది మట్టిని మంచుతో రుద్ది, గుడ్డతో తుడిచాను. గడ్డిపోచలు ఒక్కొక్కటీ ఏరాను.

ఇంటిదాకా ఇరవై మైళ్ల వేగం దాటలేదు. వెనక వాళ్లు హారన్లు కొట్టినా దాటలేదు. దీన్ని మళ్లీ చదవండి, ఎందుకంటే నాకు నా మీద అన్నిటికన్నా రోత పుట్టేది ఇక్కడే. ఆ టైరుతో వేగంగా పోతే ప్రాణం పోతుందని నాకు తెలుసు. నా ప్రాణం కోసం మెల్లగా నడిపాను. తర్వాత తాళం చెవి తీసుకెళ్లి, పొద్దున్నే రింగ్ రోడ్డు మీద పరుగెత్తే అమ్మాయి చేతిలో పెట్టాను.

చెబుదామనే వెళ్లాను. నిజం. తలుపు తీసేసరికి నలుగురు అమ్మాయిలూ వంటగదిలో ఉన్నారు. ఇంత మంచులో వెళ్లొచ్చారంటే అంకుల్‌ని చూసి మంచే పక్కకు తప్పుకుని ఉంటుందని ఒకమ్మాయి అంది. అందరూ నవ్వారు. టీ ఇచ్చారు. బండి బాగా నడిచిందా అని శైలజ అడిగింది. వచ్చాక ఒకసారి చుట్టూ చూశానమ్మా, ఏమీ లేదు అన్నాను. నా నోటితో ఆ మాట అంటే ఇక ఆమె వంగి చూడదు. అదీ నాకు తెలుసు. రేపు ఏదో ఒక వంక పెట్టి టైరు పాతబడిందని మార్పిద్దాం అనుకున్నాను. మర్నాడు జలుబు చేసింది. ఆ తర్వాతి రోజు ఆమె డ్యూటీలో ఉంది. ఆ తర్వాత, ఇన్ని రోజులు ఆగింది కదా, ఇంకా ఆగుతుందిలే అని ఒక గొంతు. ఆ గొంతు ఎవరిది? నాదే. ఇంకెవరో అన్నట్టు ఎందుకు రాస్తున్నాను?

నలభై ఏళ్లుగా డైరీ రాస్తున్నాను. ఆ రోజు పేజీలో ఇలా ఉంది: "మంచు. వెళ్లి కారు చూసి వచ్చాను. దారిలో ఇబ్బంది లేదు." అక్షరాలు గుండ్రంగా, తీరుగా ఉన్నాయి.

తొమ్మిదో రోజు పొద్దున మొదటి ఇంటికి వెళ్తుంటే రింగ్ రోడ్డు మీద టైరు పేలింది. కారు గిరగిరా తిరిగి డివైడర్‌కు గుద్దుకుంది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. శైలజ కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆమె కోసం ఎదురుచూస్తున్న తొంభై ఏళ్ల ముసలావిడ, వేరే కేరర్ వచ్చేదాకా రెండు గంటలు తడి పక్కలోనే పడుకుని ఉందట. ఈ సంగతి చెప్పి బాధపడింది శైలజ. తన చేతి గురించి కాదు.

వారం తర్వాత మా ఆవిడా నేనూ పప్పూ అన్నం క్యారేజీ పట్టుకుని చూడడానికి వెళ్లాం. సిమెంటు కట్టు చేతిని దిండు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. టైరు లోపలి పక్క ముందే దెబ్బతిని ఉందని కారును పరీక్షించినవాళ్లు చెప్పారట. ఆమె తల దించుకుని అంది:

"మీరు చెప్తానే ఉన్నారు అంకుల్, వారం వారం చూసుకోమని. నేనే బద్ధకించా. ఏడ గుంటలో పడేశానో ఏమో."

నేను చెప్పాల్సిన సమయం అదే. కుర్చీ ముందుకు జరుపుకున్నాను. నా నోట్లోంచి వచ్చింది ఇది:

"లోపలి పక్క చెయ్యి పెట్టి తడమాలని చెప్పానా లేదా?"

"చెప్పారు."

"మరి?"

"చూసుకోలా. తప్పు నాదే అంకుల్."

"ఇకమీదనైనా జాగ్రత్తగా ఉండు."

ఇంటికి వచ్చే దారిలో మా ఆవిడ, ఆ స్థితిలో ఉన్న పిల్లను అలా మందలించాలా అంది. దాని మంచికే అన్నాను. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది. ఇదీ దాచను.

మణికట్టు అతికింది కానీ బరువు ఎత్తలేకపోయింది. మనుషుల్ని ఎత్తడమే ఆమె పని. ఉద్యోగం పోయింది, దాంతో వీసా పోయింది. ఇండియాకు తిరిగి వెళ్తుంటే ఎయిర్‌పోర్టులో నేనే దిగబెట్టాను. దిగేటప్పుడు ఎడమ చేత్తో నా కాళ్లకు దణ్ణం పెట్టింది. నేను దీవించాను.

ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారా? ఆ తర్వాతి చలికాలం హాల్లో మాట్లాడుతూ, పేరు చెప్పకుండా, ఒక అమ్మాయి టైరు లోపలి పక్క చూసుకోనందుకు ఏమైందో చెప్పాను. పేరు చెప్పకపోయినా అందరికీ తెలుసు. పిల్లలు ఫోన్లలో రాసుకోవడం కూడా ఆపి విన్నారు. అంత శ్రద్ధగా నా మాట ఎప్పుడూ వినలేదు. అందుకని మరుసటి ఏడూ చెప్పాను. ఐదేళ్లు చెప్పాను. ఏడాదికేడాది కాస్త మెరుగుపెట్టి చెప్పాను. నేను విరగ్గొట్టిన చేతిని పాఠంగా మార్చి, చప్పట్లు కొట్టించుకున్నాను.

పోయిన నెల శైలజ నుంచి ఒక వీడియో వచ్చింది. ఒంగోల్లో వాళ్ల తమ్ముడు కారు కొన్నాడు. ఆ కుర్రాడు నేల మీద గొంతుక్కూర్చుని టైరు లోపలి పక్క తడుముతున్నాడు. వెనక నుంచి ఆమె, ఇంకా లోపలికి పెట్టరా చెయ్యి అని కసురుతోంది. కింద రాసింది, మీ మాట విననందుకు నాకు జరిగింది, వాడికి జరగకూడదు అంకుల్ అని. ఆరేళ్లుగా ఆ పిల్ల తనను తాను తిట్టుకుంటూ బతుకుతోంది. ఆ తిట్టు నేను ఇచ్చింది.

మూడు రోజులు రాశాను, చింపాను. ఎందుకు చేశానో వివరించిన ప్రతి కాగితం చదివితే ఏవగింపుగా ఉంది, వివరణ అనేసరికి నేను మళ్లీ మంచివాడినైపోతున్నాను. చివరికి ఐదు వాక్యాలు మిగిలాయి. ఆ రోజు కారు మంచులో జారింది. టైరు ఉబ్బింది కారు నా చేతిలో ఉన్నప్పుడే. నేను చూశాను. నీకు ఏమీ లేదని చెప్పాను. తప్పు నీది కాదు. ఫోన్లో టైపు చేసి పంపాను. క్షమించమని రాయలేదు. అది అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టే. ఆమె పెద్దల మాట కాదనలేని పిల్ల.

రెండు రోజులకు జవాబు వచ్చింది. "ఒక టైరే కదా అంకుల్. చెప్పుంటే ఆ మధ్యాహ్నమే మార్పించుకునేదాన్ని."

అంతే రాసింది. నిజంగా అంతే. ఒక మధ్యాహ్నం పని. ఆమె ఇంకేమీ పంపలేదు, పంపదు కూడా. కానీ ఆ రెండు వాక్యాల్లో ఆమె తనను తాను తిట్టుకోలేదు. అది చూసి ఏళ్ల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చాను. ఆ హాయి కూడా నాకు అసహ్యంగానే ఉంది. అయినా పీల్చాను.

వచ్చే శనివారం హాల్లో మళ్లీ నా ప్రసంగం ఉంది. ఈసారి మీకు రాసిన ఈ కాగితాలనే పట్టుకెళ్లి చదువుతాను. చూడకుండా నోటితో చెప్పబోతే మధ్యలో ఎక్కడో ఒక గొర్రెను రోడ్డుకు అడ్డంగా తెచ్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు.