ఏడు పొట్లాల రాగులు

తెల్లదొరల యుద్ధం నడుస్తాండే కాలం. బియ్యం కంటికి ఆనేది కాదు. మా పుంగనూరు దిక్కు రాగిసంగటే ప్రాణం. ఆ ఏడు నా సేన్లో అగ్గితెగులు పడింది. వెన్ను మెడ దగ్గర నల్లగా మాడిపోయేది. నలిపి సూస్తే లోపలంతా తాలు. మొగుడు పోయి మూడేండ్లు. ఇంట్లో నేను, నా కూతురు. ఆ సేను తప్ప మాకు వేరే కూడు లేదు.

మదనపల్లె వ్యవసాయం ఆఫీసు నించి ఒకాయన, పెట్రోలు లేక బొగ్గుతో నడిచే బస్సు దిగి, గట్లంబడి తిరుగుతా నా సేన్లోకి వచ్చినాడు. మాడిన పైరు నడుమ ఏడు మొక్కలు మాత్రం పచ్చగా నిలబడుండాయి. నేను సూసుకోనే లేదు. ఆయన వాటి ముందర గొంతుక్కూచుని, ఏడింటికీ గుర్తుకి నూలుదారం కట్టినాడు. పండినాక ఆ వెన్నులు కోసుకుని పోయినాడు.

మళ్లా వానలకి, ఒక్కో మొక్క గింజలు ఒక్కో పొట్లం కట్టి, ఏడు పొట్లాలు తెచ్చిచ్చినాడు. నాకు అంకెలు రావని దారాలకి ముడులు వేసినాడు. ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు, అట్లా ఏడు దాకా.

"అమ్మా, ఒక్కో పొట్లం ఒక్కో సాలు. కలపొద్దు. తెగులు మళ్లా వస్తే ఏ తల్లి బిడ్డ తట్టుకుంటాదో సూడాల. తేలితే మీ ఊరికే కాదు, అన్ని ఊర్లకీ కూడు."

"కలపనులే అయ్యా," అన్నా.

అన్నా గానీ, విత్తేది నేను కాదు. ముండమోసిన చెయ్యి విత్తనానికి తగలకూడదు. నా పుట్టిల్లు కుప్పం దిక్కు, ఆడా ఇదే కట్టు. ముత్తైదువే విత్తాల. మా బావ పెండ్లామైన నా తోడికోడల్ని పిలిసినా. విడివిడిగా అని రెండుసార్లు చెప్పి గట్టు మీద నిలబడుకున్నా. ఆమె పసుపు రాసిన సేటలోకి ఏడు పొట్లాలూ కుమ్మరించి, దండం పెట్టి, చేత్తో కలిపేసింది.

"అయ్యో, అక్కా!"

"యాల అరుస్తావే? విత్తనం విడదీస్తే కాపురం విడిపోతాదని అత్త చెప్పలేదా? ఆ ఆఫీసాయనకి పెండ్లామన్నా ఉందో లేదో, ఆయనకేం తెలుసు!" అని నవ్వింది.

నాకు నవ్వు రాలా. పిలిసింది నేనే, తిట్టేకి నోరూ రాలా.

ఆ దినం నించి బస్సు మోత వినబడితే ఇంట్లోకి పోయి తలుపేసుకునేదాన్ని. అబద్ధం చెప్దామనుకున్నా. మొలిసినాక అన్నీ ఒకటే మాదిరి, ఎవురికి తెలుస్తాది? మళ్లా, నా మాట నమ్మి తప్పుడు గింజని ఊరూరా పంచితే ఎన్ని ఇండ్లల్లో కుండలు బోర్లిస్తారో అనిపించేది.

వెన్ను తీసే కాలానికి తెగులూ వచ్చింది, ఆయనా వచ్చినాడు. గట్టు దిగకముందే చెప్పేసినా.

"కలిసిపోయినాయి అయ్యా. విత్తినామె కలిపేసింది."

ఆయన గట్టు మీదే నిలబడి సాళ్లన్నీ సూసినాడు. "నువ్వు యాల విత్తలేదమ్మా?"

"మొగుడు లేనిదాన్ని."

"ఆ సంగతి రాగికెట్లా తెలుస్తాదమ్మా?"

ఆయన సేన్లోకి దిగి, మాడని మొక్కల్ని మళ్లా వెదికితే ఐదే దొరికినాయి. దారం ఉండ నా చేతిలో పెట్టి కట్టమన్నాడు. "మొదటి నించి మొదలు. ఒక ఏడు పోయింది, అంతే," అన్నాడు. ఆయనకి అంతే. మాకు ఆ ఏడు కూడా సగం కుండే.

పై వానలకి ఐదు పొట్లాలే వచ్చినాయి. ఎవురూ లేవకముందే పోయి నేనే విత్తినా. ముడులు తడిమి తడిమి, సాలుకొక పొట్లం. మొలవకపోతే ముండచెయ్యి అంటారు. ఆరు దినాలు తెల్లారకముందే పోయి సాళ్లు సూసొచ్చినా. ఏడో దినం సూస్తే ఐదు సాళ్లూ సూదుల మాదిరి లేసినాయి. తెగులు వచ్చినప్పుడు నాలుగు సాళ్లు మాడినాయి. మూడు ముడుల సాలు మాడలా.

తోడికోడలు వచ్చి ఆ వెన్నులు పట్టుకుని సూసింది. "ఏమే, నువ్వే విత్తినావంట. వచ్చే వానలకి మా సేన్లో గూడా ఇవే వెయ్యాల. నువ్వే వచ్చి విత్తు."

సరేనని తల ఊపినా. నా సేను పోతే పస్తుండేది నేనూ నా కూతురే. నేను విత్తిన వాళ్ల సేను పోతే, వాళ్లింట్లో ఏడుమంది. వానలు పడేదాకా ఆ లెక్కే నా గుండెల్లో.