చౌడప్ప దాచిన చూపు

ధర్మవరంలో దుడ్లు దాచుకునేవాళ్ళున్నారు, బంగారం దాచుకునేవాళ్ళున్నారు, పక్కింటి నుంచి అడిగి తెచ్చిన రోకలి దాచుకునేవాళ్ళూ ఉన్నారు. చూపు దాచుకున్న మనిషి మాత్రం ఒక్కడే. మగ్గాల వీధి చౌడప్ప.

మనిషి పుట్టేటప్పుడే దేవుడు రెండు కళ్ళలోనూ కొలిచి చూపు పోసి పంపుతాడనీ, లాంతర్లో కిరసనాయిలు మాదిరి అది చూసేకొద్దీ తగ్గిపోతుందనీ, అయిపోయాక మళ్ళీ పోసేవాడు లేడనీ చౌడప్ప నమ్మకం. ముసలివాళ్ళకు చూపెందుకు ఆనదు? వయసులో ఉండగా కనబడిందల్లా చూసి తగలేశారు కాబట్టి. చంటిపిల్లలు పొద్దస్తమానం ఎందుకు నిద్రపోతారు? వాళ్ళకు తెలివుంది కాబట్టి. ఇంత తేటగా ఉన్న సంగతి జనానికి ఎందుకు బోధపడదో అతనికి బోధపడేది కాదు.

అందుకని పొదుపు. పొద్దున ఎడమ కన్ను. మధ్యాహ్నం బెంగుళూరు బండి కూత వేసిన దగ్గర్నుంచి కుడి కన్ను. రెండూ ఒక్కసారి తెరవడం చౌడమ్మ తల్లి జ్యోతుల పండగనాడు, లేదంటే ఇంట్లో తేలు కనబడినప్పుడు. మగ్గం ముందు కూర్చుంటే వంతులో ఉన్న కన్ను తెరిచేవాడు, అది బతుకుతెరువు ఖర్చు, తప్పదు. మగ్గం దిగితే మాత్రం, తిండికీ మాటామంతీకీ తప్ప, రెండూ మూతే. వీధిలో గోడ పట్టుకుని నడిచేవాడు. అతని చెయ్యి రాసుకుని రాసుకుని అరుగుల గోడలకు నడుమెత్తున నున్నగా ఒక చార పడింది.

రామసుబ్బమ్మ ఎదురింట్లోకి కాపురానికి వచ్చిన కొత్తలో పెద్దమనుషుల దగ్గరికి పోయి, ఎదురింటాయన తనను చూసి కన్ను కొడుతున్నాడని చెప్పింది. పెద్దమనుషులు చౌడప్పను పిలిపించారు. అతను వచ్చి, పెద్దమనుషులందరికీ కన్ను కొడుతూ కూర్చున్నాడు. ఇంతలో బెంగుళూరు బండి కూత వేసింది. ఆ కన్ను మూసి ఈ కన్ను తెరిచాడు. రామసుబ్బమ్మ కాసేపు అతని మొహంలోకి చూసి, ఈయనకు తనమీద ఏమీ లేదనీ, కళ్ళమీదే ఏదో ఉందనీ చెప్పి తనే ఫిర్యాదు వెనక్కి తీసుకుంది.

ఊరి బయట డేరా సినిమా వస్తే చౌడప్ప తప్పకుండా పోయేవాడు. టిక్కెట్టు కొని, ఇసకలో ముందు వరసలో కూర్చుని, కళ్ళు మూసుకునేవాడు. పాటలకు చెవులు చాలు కదా. కత్తియుద్ధం వచ్చినప్పుడే చిక్కు. పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, కింద పడింది ఎవరని అడిగేవాడు. పక్కవాడు చెప్పేలోగా పైనున్నవాడు కింద పడేవాడు. మళ్ళీ పొడిచేవాడు. చివరికి అతని పక్కన కూర్చోవడానికి ఎవరూ రాక, ముందు వరసలో ఆ కాస్త ఇసక ఎప్పుడూ ఖాళీగా ఉండేది.

భార్య కదిరమ్మది హిందూపురం. పండక్కి పుట్టింటికి పోయేటప్పుడల్లా రైల్లో పెనుకొండ దగ్గర జనమంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి కొండనూ కోటనూ చూస్తుంటే, చౌడప్ప రెండు కళ్ళూ బిగించుకుని కూర్చునేవాడు. ఒక్కసారన్నా చూడమని ఆమె అంటే, చిన్నప్పుడు ఒకసారి చూశాననీ, అది యాడికీ పోదనీ అనేవాడు.

కదిరమ్మ ఇవన్నీ నవ్వుకుంటూనే భరించింది. ఒక్కటే ఆమెకు ముల్లులా ఉండేది. ఈ పొదుపు అతనికి పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళయిన మర్నాటి నుంచి మొదలైంది. అంతకుముందు అందరిలాగే రెండు కళ్ళతో ఊరంతా తిరిగినవాడే. కదిరమ్మ మొహం చూసినాక ఇంకేమీ చూడబుద్ధి కాలేదేమోనని వీధి ఆడవాళ్ళు మేలమాడేవాళ్ళు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. ఇంటికి వచ్చి గూట్లో ఉన్న అద్దం తీసి చూసుకునేది. మొహం బాగానే ఉందే అనుకుని మళ్ళీ గూట్లో పెట్టేది. ఇరవై ఏళ్ళుగా ఆ అద్దం అట్లా గూట్లోకీ చేతిలోకీ తిరుగుతూనే ఉంది.

వాళ్ళిద్దరిదీ ఒకే మగ్గం. చౌడప్ప నడుమ కూర్చుని నేస్తే, కదిరమ్మ పక్కన కూర్చుని అంచు పోగు నడిపే నాడె అందించేది. పడుగులో పోగు తెగితే వెతికి పట్టి అతికే పని ఆమెదే. ఆ వీధిలో అంత సన్నగా అతికే వేళ్ళు ఇంకెవరికీ లేవని పేరు. నలభై దాటాక ఆ వేళ్ళకు పోగు దొరకడం మానేసింది. కళ్ళ దగ్గర పెట్టుకుంటే పోగులన్నీ కలిసి పొగ మాదిరి కనబడేవి. చెయ్యి దూరంగా చాపితే కాస్త తేరుకునేవి. ఏడాదికేడాదికీ ఇంకాస్త చాపి, ఇంకాస్త చాపి, చివరికి చెయ్యి చాలకుండా పోయింది.

రామసుబ్బమ్మ వైద్యానికి దిగింది. మొదట పొన్నగంటి కూర. నెల రోజులు తిని చౌడప్ప కూడా వాంతి చేసుకున్నాడు. తర్వాత ఉల్లిగడ్డ రసం. అది కళ్ళలో పిండుకుని కదిరమ్మ పగలంతా ఏడుస్తుంటే, మొగుడు కొట్టాడనుకుని నలుగురు వచ్చి చౌడప్పను తిట్టిపోయారు. ఆ తర్వాత నందివర్ధనం పూలు. కళ్ళమీద పెట్టుకుని అరుగుమీద పడుకుంటే మేక వచ్చి పూలు తినేసింది. కళ్ళు వదిలిపెట్టింది, అంతే చాలనుకున్నారు.

కళ్ళద్దాల మాట ఎత్తితే చౌడప్ప ఒప్పుకునేవాడు కాదు. అద్దాలు చూపును తాగుతాయట. దానికి అతని దగ్గర సాక్ష్యం ఉంది. రిటైరైన బడి అయ్యవారు మొదట పెట్టుకున్న అద్దాలు అప్పడంలా ఉండేవి, ఇప్పుడు ఒబ్బట్టంత లావయ్యాయి. ఆ లావంతా ఎక్కడిది? అయ్యవారి చూపే కదా తాగింది.

ఇట్లా ఉండగా వాళ్ళకు పడుగిచ్చి నేయించే షావుకారు గంగాధరప్ప, వాళ్ళు నేసిన చీర ఒకటి గుమ్మంలో వెలుతురుకు పట్టి చూశాడు. పక్క బుటా దగ్గర అతని వేలు ఆగింది. రెండు పోగులు తప్పిపోయి సన్నటి గీత పడింది. కోపం చేసుకోకుండానే చెప్పాడు, ఇంకొకసారి ఇట్లయితే పడుగు వేరే నేతగాడు ఈరప్ప ఇంటికి పోతుందని. పడుగు పోతే మగ్గం ఖాళీ. మగ్గం ఖాళీ అయితే పొయ్యి ఖాళీ. తప్పు తనదేనని కదిరమ్మ తల వంచుకుంది.

ఆ రోజు నుంచి చౌడప్ప ఏం చేశాడు? పొదుపు పెంచాడు. అన్నం తినేటప్పుడు కూడా కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి నేరుగా ఊరుమిండి పచ్చడి గిన్నెలోకి పోయింది. అది చూసేసరికి కదిరమ్మకు ఇరవై ఏళ్ళ కోపం ఒక్కసారి వచ్చింది.

"నా కండ్లు పోతాండాయి. నువ్వేమో నీ కండ్లు దాచుకుంటాండావు. యాడికి దాస్తాండావు? పైకి పోయేటప్పుడు మూట కట్టుకోని పోతావా?"

చౌడప్ప చెయ్యి కడుక్కున్నాడు.

"దాంతో పనుండాది," అన్నాడు. పంచెకు చెయ్యి తుడుచుకుని మళ్ళీ అన్నాడు. "హిందూపురానికి కండ్ల డాక్టరొచ్చినాడంట కదా. పోదాం పా. అద్దాలకు కాదు. ఆయప్పతో నాకు వేరే మాటుండాది."

ఆ మాటేమిటో రైలంతా అడిగినా చెప్పలేదు. పెనుకొండ దగ్గర ఎప్పట్లాగే కళ్ళు బిగించుకున్నాడు.

డాక్టరు కుర్రవాడే గాని నిదానస్తుడు. చదువురానివాళ్ళకని గోడమీద ఒక పటం తగిలించుకున్నాడు. దాంట్లో మూడు పళ్ళ దువ్వెనలు ఒకటి ఇటు, ఒకటి అటు, ఒకటి పైకి, ఒకటి కిందికి తిరిగి ఉన్నాయి. పళ్ళు ఏ పక్క ఉన్నాయో చేత్తో చూపించాలి. దూరపు చూపుకు చిక్కు లేదు కాబట్టి కదిరమ్మ చివరి వరస దాకా చూపించింది. తర్వాత చౌడప్ప కూర్చున్నాడు. డాక్టరు ముందు అతని ఎడమ కన్ను మూసి కుడి కన్ను పరీక్ష చేశాడు, తర్వాత కుడి కన్ను మూసి ఎడమది చేశాడు. చౌడప్ప మొహం వెలిగిపోయింది. ఇంత చదువుకున్నాయన కూడా ఒక్కొక్క కన్నే వాడుతున్నాడని భార్యవైపు తిరిగి గర్వంగా తల ఊపాడు. ఊరంతా నవ్విన ఇరవై ఏళ్ళకు ఆ ఒక్క నిమిషం చాలనిపించింది.

అప్పుడు కుర్చీ ముందుకు జరుపుకుని అసలు మాట బయటపెట్టాడు.

"సారూ, నా చూపు వాడకుండా పెట్టిండా. ఇరవై ఏండ్లది అట్లే ఉండాది, కొత్తది మాదిరి. దాంట్లో సగం తీసి ఈమెకు పెట్టు. సగం చాలకపోతే ఇంగా కొంచెం తీసుకో. నాకు మగ్గం కనపడేంత ఉంటే చాలు."

డాక్టరు నవ్వబోయి ఆగిపోయాడు.  గోడ పట్టుకుని నడిచిన మనిషి, ఇసకలో కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషి, పెనుకొండ కొండను వద్దనుకున్న మనిషి, అందరూ ఒక్కసారి కదిరమ్మ కళ్ళముందు వరసగా నిలబడ్డారు.

ఈమెకు ఇవ్వాలని ఇరవై ఏళ్ళ కిందటే ఎట్లా తెలుసునని డాక్టరు అడిగాడు.

"పెండ్లినాడే తెలిసింది సార్. పెండ్లి చేసిన పంతులు అరుంధతి చుక్కను చూపిస్తే అందురికీ కనపడింది. ఈమెకొక్కదానికే కనపల్లేదు. పాపం, చూపు తక్కువ పిల్లను ఇచ్చినారు, నేనే చూసుకోవాల అనుకుంటి."

కదిరమ్మకు ఆ రోజు గుర్తొచ్చింది. మిట్టమధ్యాహ్నం. పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి ఆకాశంలోకి వేలు చూపించారు. అరుంధతి కనపడిందా అమ్మా అంటే, ఉన్నదున్నట్టు, లేదని చెప్పింది. వెనక నుంచి అమ్మ గట్టిగా గిల్లితే కనపడిందని మాట మార్చింది. చౌడప్ప మొదటి మాటే పట్టుకున్నాడు.

"మిట్టమధ్యాన్నం చుక్క ఎవురికి కనపడుతుంది?" అంది కదిరమ్మ. "నీకు కనపడిందా?"

చౌడప్ప చాలాసేపు డాక్టరును చూశాడు, పటాన్ని చూశాడు, దువ్వెనలన్నిటినీ చూశాడు.

"నాకూ కనపల్లేదు," అన్నాడు. "అందురూ కనపడిందంటాంటే నేనూ కనపడిందంటి."

ఇక డాక్టరు ఆపుకోలేదు. తనివితీరా నవ్వి, కళ్ళు తుడుచుకుని, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. చూపు లాంతర్లో నూనె కాదు, చూస్తే తరగదు, మూసిపెడితే పెరగదు. కంట్లో చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది, వయసులో మెత్తగా ఉండి దూరానికీ దగ్గరికీ సర్దుకుంటుంది, నలభై దాటితే గట్టిపడుతుంది. నేతగాడికైనా కలెక్టరుకైనా అంతే. అద్దాలు చూపును తాగవు, వయసు ముదిరేకొద్దీ బిళ్ళ ఇంకా గట్టిపడుతుంది కాబట్టి అద్దం మార్చాల్సి వస్తుంది, వీళ్ళు చెప్పిన బడి అయ్యవారి సంగతి కూడా అదే. ఇంట్లో చేసిన వైద్యాలన్నీ విని, ఉల్లిగడ్డ రసం మాత్రం ఇంకెప్పుడూ కళ్ళలో పోయొద్దన్నాడు. పొన్నగంటి కూర తింటే తినండి, మంచిదే, కానీ దానితో పోగు కనపడదన్నాడు.

తర్వాత ఒక సూదీ దారమూ తీసి చౌడప్ప చేతికిచ్చాడు. చౌడప్ప దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పెట్టుకున్నాడు. చెయ్యంతా చాపాడు. దారం సూదికి అటు పోయింది, ఇటు పోయింది, బొటనవేల్లోకి పోయింది.

అతని కళ్ళూ కదిరమ్మ కళ్ళలాగే ఉన్నాయనీ, ఇద్దరికీ అద్దాలు కావాలనీ డాక్టరు చెప్పాడు.

"నేను వాడనే లేదు కదా సార్," అన్నాడు చౌడప్ప. ఇంట్లో దొంగలు పడ్డవాడి గొంతులా ఉంది. "ఇరవై ఏండ్లది, యాడికి పోయింది?"

కదిరమ్మకు ఇంకో సంగతి తట్టింది.

"ఇదో, అట్లయితే ఆ చీరలో పోగులు పోయిండేది నా వల్లనా, నీ వల్లనా?"

చౌడప్ప రెండు కళ్ళూ మూసుకున్నాడు. ఈసారి పొదుపుకు కాదు.

సాయంత్రానికి బజారులో రెండు జతలు తయారయ్యాయి. కదిరమ్మ పెట్టుకుని, కట్టుకున్న చీర కొంగు దగ్గరగా పట్టుకుంది. పోగు పక్కన పోగు, దాని పక్కన ఇంకో పోగు, వానకు కడిగినట్టు విడివిడిగా ఉన్నాయి. అంగట్లో నిలబడి ఆ కొంగంతా చూసింది, తర్వాత మొగుడి పంచె అంచు లాక్కుని అదీ చూసింది. చెయ్యి చాపకుండా చూసి ఎన్నాళ్ళయిందో.

ఆ తర్వాతి చీర గంగాధరప్ప ఒకసారి వెలుతురుకు పట్టి, అనుమానం తీరక వీధిలో ఎండకు పట్టి, మడత పెట్టి తీసుకుని కొత్త పడుగు పంపించాడు. పడుగు ఈరప్ప ఇంటికి పోలేదు. డేరా సినిమాలో చౌడప్ప పక్కన ఇసక మాత్రం ఇంకా ఖాళీగానే ఉండేది. ఇప్పుడతను రెండు కళ్ళూ తెరిచి, పడేవాడు పడకముందే ఎవరు పడబోతున్నారో అందరికీ చెప్పేవాడు.

కానీ అద్దాలు చేతికొచ్చిన మర్నాడు పొద్దున హిందూపురం నుంచి తిరిగొచ్చే బండిలో జరిగింది చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. చూపు తరగదని డాక్టరు మాటిచ్చాడు కదా, బండి కదిలినప్పటి నుంచి చౌడప్ప ఖర్చు మొదలుపెట్టాడు. రైలు కట్ట చూశాడు, తాటిచెట్లు చూశాడు, ఎదురుగా కూర్చున్నామె తట్టలో ఏముందో మూత తీసి చూసి తిట్టించుకున్నాడు. పెనుకొండ వస్తోందనగా, ఈసారి కోటను రాయి రాయీ చూస్తానని చెప్పి, కిటికీలోంచి మెడ దాకా తల బయటికి పెట్టాడు.

ఇంజను నుంచి బొగ్గు నలుసు ఒకటి ఎగిరి వచ్చి సూటిగా కుడి కంట్లో పడింది.

కదిరమ్మ అతన్ని లోపలికి లాగి, మొహం తనవైపు తిప్పుకుని, కొత్త అద్దాలు పెట్టుకుంది. కింది రెప్ప లాగి పట్టుకుని కొంగు కొసతో నలుసు తీసింది. కొంగు ఉండ చేసి, నోటి ఆవిరి పట్టి, కంటిమీద వెచ్చగా అద్దింది. మళ్ళీ ఆవిరి పట్టింది, మళ్ళీ అద్దింది. కిటికీ అవతల పెనుకొండ కొండా కోటా వచ్చినవి వచ్చినట్టే దాటిపోయాయి. చౌడప్ప ఈసారీ చూడలేదు. ఆ రెండో కన్ను రెప్ప వేయకుండా కదిరమ్మ మొహంమీదే ఉంది.

పెట్టెలో జనమంతా వాళ్ళనే చూస్తున్నారు. కదిరమ్మకు సిగ్గేసింది.

"ఆ కన్నన్నా మూసుకోప్పా," అంది మెల్లగా.

"ఇప్పుడు దీని వంతు," అన్నాడు చౌడప్ప.